సందు లేని తుపాకీ

"ప్లాస్టిక్ పట్టుకుని జింక ముందు నిలబడతావా? మీ తాత ఉంటే నిన్ను గాడిదలు కాయడానికి పంపేవాడు."

"జింక నా ముఖమూ చూడదు, నా తుపాకీనీ చూడదు అబూయ్. ఆ రెండూ చూసేలోపే పడిపోవాలి. చెక్కయితే దానికేంటి, ప్లాస్టిక్ అయితే దానికేంటి?"

"వానలో నీ ప్లాస్టిక్ చేతిలో చేపలా జారుతుంది."

"వానలో నీ చెక్క రొట్టెలా ఉబ్బుతుంది."

చెక్కకి రందా పడుతున్న రఘుపతి చెయ్యి ఆగింది. పక్కన పాలిష్ గుడ్డ నానబెడుతున్న మౌలాలి మాత్రం ఆగలేదు. ఎవరైనా తగువు పడుతుంటే వింటూ పని చేసుకోవడం అతనికి రేడియో పెట్టుకున్నంత సుఖం.

ఒమన్‌లోని నిజ్వా ఊరి బయట, కార్ఖానాలన్నీ ఉండే సనాయియాలో ఖల్ఫాన్ ముసలాయన తలుపుల కార్ఖానా ఉంది. సగం తయారైన పెద్ద తలుపుకి ఆయన అటు, కొడుకు హమూద్ ఇటు నిలబడి అరబ్బీలో అరుచుకుంటున్నారు. అబూయ్ అంటే మన నాయినా అన్నట్టే. రఘుపతికి అరబ్బీ చదవడం రాదుగాని వింటే అర్థమవుతుంది, తిట్లయితే అన్నీ తెలుసు. గల్ఫ్‌కి పోయినవాడికి ముందు వచ్చేవి అవే.

"ఏందన్నా, ఈ పొద్దు కొట్టుకునేదాకా పొయ్యేట్టుండారే," అన్నాడు మౌలాలి గొంతు తగ్గించి. అతనిది కడప.

"నువ్వు జెర నోరు ముయ్యి. ఇననియ్యి."

తగువు రైఫిల్ గురించి. హమూద్, అతని మేనబావ సులైమాన్ ఇంకో నెలలో కజకిస్తాన్ కొండలకి జింకల వేటకి పోతున్నారు. ఒమన్‌లో జింక మీద తుపాకీ ఎత్తితే జైలే. అక్కడైతే లైసెన్స్ ఇస్తారు. కానీ ఆ కొండల్లో తెల్లారి మంచు, పగలు వాన, మధ్యలో ఎండ. అలాంటి చోట కొండంతా ఎక్కి దిగి, చివరికి దొరికే ఒక్క అదనులో మోసం చెయ్యని తుపాకీ కావాలి. సులైమాన్ దగ్గర కొత్తది ఉంది. తుప్పు పట్టని స్టీలు బారెల్, కింద నల్లటి ప్లాస్టిక్. హమూద్ అలాంటిదే కొంటానంటాడు. ఖల్ఫాన్ తన రైఫిల్ తీసుకుపొమ్మంటాడు. అక్రోటు కర్రతో చేసినది, ఆయన పెళ్లయిన ఏడు కొన్నది. చేతులు వణకడం మొదలయ్యాక దాన్ని కాల్చడం మానేశాడుగాని తుడవడం మానలేదు.

ఇంతవరకైతే అది వాళ్లింటి గొడవ. రఘుపతికి సంబంధం లేదు. హమూద్ తర్వాతి మాటతో సంబంధం వచ్చిపడింది.

"చెక్క కాలం అయిపోయింది అబూయ్. తుపాకీకీ అయిపోయింది, తలుపుకీ అయిపోయింది. ఊళ్లో కొత్తగా కట్టే ఏ ఇంటికైనా వెళ్లి చూడు, అంతా అల్యూమినియం. ఆ మిషన్లు మనమూ పెడదామని ఎన్నాళ్లుగా అడుగుతున్నాను?"

ఖల్ఫాన్ చేతికర్రతో నేల మీద ఒక్కటి కొట్టాడు. "సరే. నా తుపాకీని నీ ప్లాస్టిక్‌తో పోటీకి పెట్టు. తడుపు, చలిలో పడెయ్యి, నీ ఇష్టం. నాది గురి తప్పితే ఇక్కడ అల్యూమినియం పెట్టుకో, నోరెత్తను. తప్పకపోతే నేను బతికున్నన్నాళ్లూ ఈ షెడ్డులో చెక్క వాసన తప్ప ఇంకోటి రాకూడదు."

"మాటేనా?"

"నా గడ్డం మీద మాట."

రఘుపతి రందా పక్కన పెట్టేశాడు. అల్యూమినియం వస్తే స్క్రూలు బిగించేవాళ్లు చాలు. స్క్రూలు బిగించడానికి ఎవడూ వడ్లోణ్ని, అంటే వడ్రంగిని, పెట్టుకోడు. హమూద్ చెడ్డవాడేం కాదు, టికెట్ కొనిచ్చి, విమానాశ్రయం దాకా తనే కారులో దింపి, కౌగిలించుకుని మరీ ఇంటికి పంపిస్తాడు. పంపడం మాత్రం పంపిస్తాడు.

రఘుపతిది మెట్‌పల్లి దగ్గర ఊరు. తాత, తండ్రి, మేనమామలు అంతా వడ్లపనే. వాళ్ల నాయిన ఒక రకం మనిషి. కొడుకు చేసిన అతుకుని సూర్యుడికి ఎదురు పట్టి చూసేవాడు. సన్నగా వెలుగు గీత కనపడిందా, మాటా పలుకూ లేకుండా సుత్తె తీసుకుని విరగ్గొట్టి, ముక్కలు కొడుకు కాళ్ల ముందు పడేసేవాడు. అట్లా ఎన్ని విరిగాయో. చివరికి రఘుపతి చేసిన అతుకులో చీమ కూడా దూరలేదు.

ఆ చేతులు పట్టుకుని మస్కట్ వస్తే, కంపెనీ అతన్ని సెంట్రింగ్ పనిలో వేసింది. కాంక్రీటు పోయడానికి ప్లైవుడ్ కొట్టడం, ఆరాక ఊడబీకడం. అదీ వడ్రంగమేనని వీసాలో రాశారు. రఘుపతికి ఆ పని చేస్తుంటే అన్నంలో రాళ్లు నమిలినట్టుండేది. కడుపు మండి, ఓ శుక్రవారం సెంట్రింగ్ ముక్కలతోనే మేకు లేకుండా ఒక పీట చేసుకున్నాడు. ఆ సైట్‌కి తలుపుల బేరం మాట్లాడటానికి వచ్చిన ఖల్ఫాన్ కాళ్లు నొప్పులని దాని మీద కూర్చున్నాడు. కూర్చుని, కాసేపటికి లేచి, పీటని తిరగేసి చూశాడు. మేకు కోసం వెతికాడు. ఆ తర్వాత కంపెనీ చుట్టూ తిరిగి, కాగితాలు మార్పించి రఘుపతిని నిజ్వా తెచ్చుకున్నాడు. ఆ పీట ఇప్పటికీ కార్ఖానాలోనే ఉంది, దాని మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వడు.

ఇక్కడ రఘుపతికి పేరొచ్చింది పాత తలుపుల దగ్గర. నిజ్వా ఎండకి తలుపు చెక్కలు ముడుచుకుపోయి పలకల మధ్య ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల్లోకి సన్నటి బద్దలు చెక్కి దించితే, ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో ఇంటివాడికే తెలియదు. అది రఘుపతి చేతి పని.

ఆ మర్నాడే ఖల్ఫాన్ రైఫిల్ తెచ్చాడు.

"రగూ, దీన్ని పెళ్లికొడుకుని చెయ్యి."

"తుపాకి పని నాకేం తెలుసు బాబా."

"నీకు చెక్క తెలుసు కదా. ఇనుము సంగతి నేను చూసుకుంటా."

చట్టం ప్రకారం తుపాకీని పనివాడి చేతికి వదలకూడదు. అందుకని ఖల్ఫాన్ రోజూ తనే తెచ్చి, రఘుపతి పనిబల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, సాయంత్రం తనే తీసుకుపోయేవాడు. కాపలా అన్నమాట. ఒక ఖర్జూరం, ఒక గుక్క కాఫీ, కాసేపు పాత కబుర్లు. అంతలోనే గడ్డం ఛాతీకి ఆనించి గురక పెట్టేవాడు.

"బందోబస్తు బాగుందన్నా," అనేవాడు మౌలాలి. "ఈయప్ప కాపలాలో తుపాకీ ఏంది, కుర్చీని గూడా ఎత్తుకపోవచ్చు."

రఘుపతి నవ్వేవాడు కాదు. ప్రాణమంతా ఆ కర్ర మీదే పెట్టాడు. పాత పాలిష్ గీకేశాడు. గీతలు పోయేదాకా గరుకు కాగితం పట్టాడు. రోజూ అరచేత్తో అవిసె నూనె రుద్దాడు. లోపలి నుంచి కర్ర ఎర్రగా, బెల్లం పాకంలా వెలిగింది. అంతా అయ్యాక, బారెల్‌ని కర్రలో కూర్చోబెట్టి కంటికి ఎదురుగా ఎత్తి చూశాడు. నాయిన చూసినట్టే, సూర్యుడి వైపు.

వెలుగు గీత కనపడింది.

బారెల్‌కి రెండు పక్కలా, మొదటి నుంచి చివరి దాకా సందు ఉంది. మందపాటి కాగితం దూరేంత. ఇన్నేళ్ల ఎండకి కర్ర ముడుచుకుపోయింది పాపం అనుకున్నాడు. ముసలాయనని లేపి అడుగుదామా అని చూశాడు. ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. అడగడానికి ఏముందిలే, తలుపైనా ఇంతే కదా. అక్రోటు ముక్క వెతికి, రెండు బద్దలు చీల్చి, ఉల్లిపొరంత పలచగా రందా పట్టి, జిగురు పూసి దించాడు. బారెల్ కర్రలో కరిచిపట్టుకుని కూర్చుంది. మళ్లీ సూర్యుడికి పెట్టి చూశాడు. చీకటి. నాయినకి చూపించాలనిపించింది.

"యాడ అతికించినావో చెప్పన్నా," అని మౌలాలి గోరుతో గీకి గీకి వెతికాడు. "నాకు దొరకల్యా."

"దొరికితె అది పనెట్లయితది?"

ఖల్ఫాన్ లేచాక రైఫిల్ చేతిలో పెట్టారు. శుక్లాల ఆపరేషన్ అయినా ఆయనకి దగ్గరివి మసకే. బొటనవేలితో కర్ర పొడుగునా నిమిరాడు. బారెల్ అంచు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. "మాషా అల్లా," అన్నాడు.

గురి చూసే చోటు ఊరికి దూరంగా, ఒక వాదీలో, అంటే ఎండిన వాగులో ఉంది. పండగలకి ఊళ్లవాళ్లు గురి పందేలు పెట్టుకునేది అక్కడే, అనుమతి ఉన్న జాగా. ఎదురుగా కొండ, దాని ముందు ఖర్జూరాల డబ్బా అట్ట నిలబెట్టి మధ్యలో నల్ల చుక్క. మొదటి రోజు పొడిగా ఉన్న తుపాకీలతో కాల్చారు. రెండూ చుక్కలోనే కొట్టాయి. ముసలాయన చాప మీద కూర్చుని, నేను చెప్పలా అన్నట్టు కాఫీ తాగాడు.

ఆ సాయంత్రం రఘుపతి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య రాజవ్వ ఎత్తింది.

"తుపాకి పనా? నీకేం పుట్టింది? పోలీసోళ్లు వట్టుకపోతె?"

"కాల్చేది నేను గాదే. కట్టె పని నాది."

"గా కట్టె పనికి తుపాకులే కావాల్నా, ఈడ తలుపులు లెవ్వా? మనింటి ముందర తలుపు ఏడాదాయె కింద రాస్తున్నది."

"వచ్చినంక జేస్త."

"నువ్వు వచ్చేటాల్లకు అది గూడ అల్యూమినం అయితది తియ్యి," అని ఆమె నవ్వింది. రఘుపతికి నవ్వు రాలేదు. పోటీ సంగతి ఆమెకి చెప్పలేదు.

మర్నాడు అసలు పరీక్ష మొదలైంది. రెండు తుపాకీలనీ తడి గోనెసంచుల్లో చుట్టి, సులైమాన్ వాళ్ల ఖర్జూరాల కోల్డ్ రూమ్‌లో పెట్టి తాళం వేశారు. మళ్లీ పొద్దున తీసి ఎండలో ఉంచారు. నానబెట్టు, వణికించు, ఎండబెట్టు. ఆ కజకిస్తాన్ కొండ చేసేదంతా చెయ్యాలని హమూద్ పట్టుదల. పొద్దున గోనె విప్పినప్పుడు అక్రోటు కర్ర మీద నీళ్లు ముత్యాల్లా నిలిచి ఉన్నాయి, లోపలికి పోలేదు. రఘుపతి తువ్వాలుతో అద్దుతూ, దేవుడికి కాకుండా తన నూనెకే దండం పెట్టుకున్నాడు.

వాదీలో ముందు నల్ల తుపాకీ. హమూద్ కాల్చాడు. చుక్కలో పడింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ చుక్కలోనే. చూడటానికి అందం లేదు, చందం లేదు, రాతికి తగిలితే డొల్ల డబ్బాలా మోగుతుంది. గురి మాత్రం ఇసుమంత కదల్లేదు.

తర్వాత అక్రోటు. మొదటి గుండు చుక్కకి ఎడమగా జానెడు దూరంలో పడింది. రెండోది దాని పక్కనే. మూడోది ఇంకా ఎడమకి.

మౌలాలి రఘుపతి మోచెయ్యి పట్టుకున్నాడు.

ఖల్ఫాన్ లేచి నిలబడ్డాడు. "కావాలని తప్పించావు."

"అబూయ్."

"అల్యూమినియం కోసం తప్పించావు. నేను గుడ్డివాణ్ని, చేతులు పోయినవాణ్ని, ఎలాగూ కనుక్కోలేననుకున్నావు."

హమూద్ ముఖం ఎర్రగా అయిపోయింది. రైఫిల్‌ని సులైమాన్ చేతికిచ్చి పక్కకి జరిగాడు. సులైమాన్ పడుకుని, నిదానంగా ఊపిరి బిగపట్టి కాల్చాడు. అతని గుండు కూడా వెళ్లి ఆ ఎడమపక్క గుంపులోనే కూర్చుంది.

ముసలాయన చేతికర్ర ఆసరాగా నడుచుకుంటూ వచ్చి రైఫిల్ తీసుకున్నాడు. బోల్టు తెరిచి, ఖాళీ అని వేలుపెట్టి చూసుకున్నాడు. కాఫీ ఫ్లాస్కు పక్కనున్న కాగితపు రుమాలు ఒకటి తెచ్చి, మడిచి, బారెల్‌కీ కర్రకీ మధ్య దూర్చబోయాడు. దూరలేదు. ఇంకో పక్క ప్రయత్నించాడు. అక్కడా దూరలేదు. రుమాలు చేతిలోనే ఉంచుకుని రఘుపతి వైపు తిరిగాడు.

"రగూ. ఇక్కడ కాస్త గాలి ఉండేది. ఏమైంది?"

"నేనే మూసిన బాబా," అన్నాడు రఘుపతి. గొంతులో ఇంకా కొంచెం గర్వమే ఉంది, ఏం జరిగిందో అర్థం కాలేదు. "సందు వడ్డది గద. ఎండకు కట్టె గుంజుకపోయింది. బద్దలు వెట్టి మంచిగ బిగిచ్చిన."

సులైమాన్ ఫక్కున నవ్వబోయి, హమూద్ చూపు తగిలి ఆగిపోయాడు.

చెప్పింది హమూద్. తిట్టలేదు, అందుకే ఇంకా కష్టంగా ఉంది వినడానికి. ఆ సందు ఎండకి పడింది కాదు. చేసినవాడే కావాలని వదిలింది. గుండు పేలినప్పుడు బారెల్ తీగలా అదురుతుంది, ఆ అదురుకి ఏదీ తగలకూడదు. వానకి కర్ర ఎలాగూ కాస్త ఉబ్బుతుంది, ఉబ్బినా బారెల్‌ని ముట్టకుండా ఆ ఖాళీ. నువ్వు ఆ ఖాళీలో చెక్క నింపావు. చెక్క తడి తాగింది. తాగి, ఒక పక్క నుంచి బారెల్‌ని నెట్టింది.

"తడెట్ల పోయింది? నీళ్లు నిలవనే లేదు గద," అన్నాడు రఘుపతి.

అన్నాక తనకే తెలిసింది. బయటికి కనపడే చోటల్లా నూనె తాగించాడు. బారెల్ కూర్చునే లోపలి వైపు పచ్చిగా వదిలేశాడు. తలుపు చట్రానికి గోడవైపు ఎవరు పాలిష్ పెడతారు? అక్కడ వడ్లపని అంతే. బద్దల జిగురు మీద కూడా ఏమీ పుయ్యలేదు. తనకి వచ్చిన పనిని వచ్చినంత శ్రద్ధగా చేసి, తుపాకీని పాడుచేశాడు.

ముఖం మీద ఎవరో కొట్టినట్టయింది. ఎవరన్నా నిజంగా కొట్టినా బాగుండేది. చిన్నప్పుడు వెలుగు గీత కనపడితే నాయిన విరగ్గొట్టేవాడు, ఇప్పుడు కనపడనందుకు విరగ్గొట్టాలి. ఆ నాయిన లేడు, ఈ సంగతి వెళ్లి చెప్పుకోవడానికి.

"బాబా, నేను..."

"నేను కూడా వేలు పెట్టి చూశాను," అన్నాడు ఖల్ఫాన్. ఎవరి వైపూ చూడలేదు. "నా వేలికి తగిలింది. మాషా అల్లా అన్నాను." రైఫిల్‌ని కొడుకు చేతిలో పెట్టాడు. "మాట మాటే. నాది గురి తప్పింది."

"అబూయ్, తప్పు చెక్కది కాదు..."

"తప్పింది అన్నాను కదా."

ఆయన చాప మడవలేదు, కాఫీ ముట్టలేదు. రాళ్ల మధ్య మెల్లగా నడిచి వెళ్లి, కారెక్కి తలుపేసుకున్నాడు. రఘుపతి చెయ్యిపట్టి ఎక్కిద్దామని రెండడుగులు వేశాడుగాని, ఆయన ఆసరా కోసం చూడలేదు. నిజ్వా వచ్చిన తర్వాత ఆయన కారు తలుపు రఘుపతి వెయ్యకపోవడం అదే మొదలు.

"ఇంగ గమ్మునుండన్నా," అన్నాడు మౌలాలి చెవిలో. "ఏం మాట్లాడినా ఎక్కువైతాది. రూమ్‌కి పోదాం పా. పొద్దున్నే చూసుకుందాం."

రఘుపతి కదల్లేదు. హమూద్ మోకాళ్ల మీద కూర్చుని రెండు తుపాకీలనీ తుడిచి సంచుల్లో పెడుతున్నాడు. నల్లదాన్ని చకచకా పెట్టేశాడు. అక్రోటుదాన్ని మాత్రం, గెలిచినవాడిలా కాకుండా, పసిపిల్లాడి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ కారు వైపు చూశాడు. అద్దం వెనక ముసలాయన తలపాగా ఒక్కటే తెలుస్తోంది.

రఘుపతి వెళ్లి అతని ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. వచ్చీరాని అరబ్బీ, సగం హిందీ కలిపి మాట్లాడాడు. అతని మాటలోనే చెప్పాలంటే ఇట్లా అన్నాడు.

"హమూద్ భాయ్, కార్ఖాన మీది. అల్యూమినం వెట్టుకుంటరో, అద్దాలు వెట్టుకుంటరో మీ ఇష్టం. నన్ను ఇంటికి తోలినా నేను ఏమనను. వేటకు గూడ ఆ నల్లదే వట్టుకపోండ్రి, వానకు గదే మంచిగున్నది, నేను కండ్లార చూసిన. గని ఒక్క పని జెయ్యండ్రి. నేను వెట్టిన బద్దలు నన్నే తియ్యనియ్యండ్రి. లోపట గూడ నూనె తాగిపిస్త, మీరు చెప్పినంత గాలి ఇడుస్త. మళ్ల తడుపుండ్రి, మళ్ల చలిల వెట్టుండ్రి, బాబా ముందట మళ్లొక్కపారి కాల్చుండ్రి. అండ్ల గెలుసుడు ఓడుడు లేదు. బాబాకు మీరే చెప్పుండ్రి, నేను పిలిస్తె రాడు. రేపు తుపాకి వట్టుకొచ్చి గా కుర్చీల కూసోమనుండ్రి. ఈపారి నిద్రవోతె నేనే లేపి అడుగుత."